మాటిమాటికీ పడిపోతున్న సేఫ్టీ స్విచ్‌ని తీసేయమంటున్నారు, ఏం చేయను?

పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమె భర్త, అత్తమామలు, చిన్న పాపతో సొంత ఇంట్లో ఉంటున్నారు. ఇల్లు పాతదే. రెండేళ్ళ కిందట మెయిన్ బోర్డు మార్పించినప్పుడు ఇల్లంతటికీ కలిపి ఒకే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే సేఫ్టీ స్విచ్, పెట్టించారు. 30 మిల్లీఆంపియర్లది, అంటే అంత లీకేజీకి పడిపోయేది. మొదట్లో ఏ గొడవా లేదు. కొన్ని నెలలుగా అది ఉన్నట్టుండి ట్రిప్ అయిపోతోంది. ఎక్కువగా రాత్రిపూటే. లేచి వెళ్ళి పైకి నెడితే ఒక్కోసారి తెల్లారేదాకా నిలబడుతుంది, ఒక్కోసారి చెయ్యి తీసేలోపే మళ్ళీ పడుతుంది. వాన పడితే పగలు కూడా ఇదే తంతు. తడిసే చోటు అదేనని వరండా లైట్ల ఎంసీబీ (బోర్డులో ఒక్కో లైనుకి విడిగా ఉండే స్విచ్) ఆపేసి చూశారు, అయినా పడింది.

మామగారికి ఊపిరితిత్తుల జబ్బు. రాత్రంతా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉంటారు. స్విచ్ పడగానే యంత్రం ఆగి అలారం మోగుతుంది. చీకట్లో బోర్డు దగ్గరికి పరుగెత్తేది ఈమే. "కళ్ళు మూసుకోవాలంటేనే భయంగా ఉంది" అని రాశారు.

ఇప్పటికి ముగ్గురు ఎలక్ట్రీషియన్లు వచ్చి వెళ్ళారు. మొదటాయన కొత్త ఆర్‌సీసీబీ వేశారు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. రెండో ఆయన వైరింగ్ మొత్తం మార్చాల్సిందేనన్నారు. మూడో ఆయన, "ఇంత సెన్సిటివ్ స్విచ్ మీకెందుకు, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా, లేదంటే 100 మిల్లీఆంపియర్లది వేస్తా, ఇక పడదు" అన్నారు. భర్తకి ఈ మాట నచ్చింది. "ఎంసీబీలు ఉన్నాయిగా, ఇంకేం కావాలి? నాన్న ప్రాణం ముఖ్యమా, ఆ స్విచ్ ముఖ్యమా?" అంటున్నారు. అత్తగారిదీ అదే మాట. కనీసం మామగారి గదికైనా స్విచ్‌తో పని లేకుండా నేరుగా లైన్ ఇప్పిద్దామన్నది భర్త తాజా ప్రతిపాదన. వద్దన్నందుకు "అన్నిటికీ నువ్వే అడ్డం" అనిపించుకుంటున్నారు ఈమె. ఉత్తరం ముగించేముందు ఒక ముక్క రాశారు: "వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే అప్పుడప్పుడు చేతికి జిల్లుమంటుంది. తడి చేతులతో ముట్టుకుంటే అంతేలే అంటారు మావారు."

సమాధానం:

అమ్మా, మీరు ఆఖర్న రాసిన ఆ ముక్క నుంచే మొదలుపెడతాను. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ఇది చదవగానే వాషింగ్ మెషిన్ సాకెట్‌కి స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా దాన్ని వాడవద్దు. పాపని దాని దగ్గరికి వెళ్ళనివ్వవద్దు.

ఎందుకంటున్నానో చెబుతాను. వాషింగ్ మెషిన్ లాంటి వాటిలో విద్యుత్ అలజడిని ఆపడానికి ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) నుంచీ న్యూట్రల్ (తిరిగి వెళ్ళే తీగ) నుంచీ లోహపు బాడీకి కలిపి ఉంటాయి. వాటి గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు కారుతూనే ఉంటుంది. ప్లగ్‌లోని మూడో పిన్ను, అంటే ఎర్త్, సరిగ్గా ఉంటే అది చప్పుడు లేకుండా అటే వెళ్ళిపోతుంది, మీకు తెలియనే తెలియదు. జిల్లుమంటోందంటే ఆ దారి లేదన్నమాట. పిన్ను వదులై ఉండొచ్చు, సాకెట్ వెనక ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు, మధ్యలో వాడిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఎర్త్ అన్నదే లేకపోవచ్చు. అలాంటప్పుడు బాడీ మీద సరఫరా వోల్టేజీలో దాదాపు సగం నిలుస్తుంది. ఆ స్థితిలో మీ చేతిలోంచి వెళ్ళే కరెంటు చిన్నదే, అందుకే జిల్లుమని ఊరుకుంటోంది. కానీ రేపు లోపలి హీటరో మోటారో నిజంగా దెబ్బతిని ఫేజ్ బాడీకి తగిలితే పూర్తి వోల్టేజీ అక్కడే కూర్చుంటుంది. ఒకవేళ ఇప్పటికే అలాంటి లీకేజీ మొదలైందేమో కూడా, జిల్లుమనడాన్ని బట్టి తేల్చి చెప్పలేం.

ఇంకొక సంగతి గమనించండి. ఎర్త్ ఉన్న చోట లీకేజీ మొదలైతే ఆర్‌సీసీబీ మనిషి తగలకముందే పడిపోతుంది. ఎర్త్ లేని చోట మనిషి ముట్టుకునేదాకా పడదు, ఎందుకంటే కరెంటు నేలకి చేరడానికి ఆ మనిషే దారి. అప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ స్విచ్ ఒక్కటే. మీ ఇంట్లో తీసేద్దామంటున్నది సరిగ్గా దాన్నే.

ఇక మీవారి మాటకి వద్దాం. ఎంసీబీలు ఉన్నాయిగా అన్నది చాలామంది అనుకునేదే. ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా చూడడానికి. దాని మీద 16 అని ఉంటే 16 ఆంపియర్లు, అంటే 16,000 మిల్లీఆంపియర్లు దాటేదాకా దానికి పట్టదు. మనిషిలోంచి వెళ్ళే 30 మిల్లీఆంపియర్లు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజ్‌లో ఎంత వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. రెండు తీగలూ లోపల ఒక ఇనుప వలయం గుండా వెళతాయి. వెళ్ళిందీ వచ్చిందీ సమానమైతే వలయంలో ఏమీ పుట్టదు. తేడా వస్తే, దాని మీద చుట్టిన మూడో తీగలో కరెంటు పుట్టి లీవర్ని వదిలేస్తుంది. 30 మిల్లీఆంపియర్ల స్విచ్ 15 దాకా కదలకూడదు, 30కి తప్పకుండా పడాలి. ఈ రెండింటి మధ్య ఎక్కడ పడినా అది ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఈ అంకెలు ఎవరో ఊహించి పెట్టినవి కావు. 1961లో అమెరికాలో ఇలాంటి రక్షణ పరికరాన్ని రూపొందించిన చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ అంతకుముందు చాలా కాలం మనుషుల మీదే కొలతలు తీశారు. చేతిలో పట్టుకున్న తీగని ఇక వదలలేని స్థితి మగవారికి సగటున 16 మిల్లీఆంపియర్ల దగ్గర, ఆడవారికి 10.5 దగ్గర వస్తుందని తేల్చారు. అందుకే 30 మిల్లీఆంపియర్ల స్విచ్ తక్కువకి పడడం ఒక్కటే కాదు, త్వరగా కూడా పడాలి. 30కి 300 మిల్లీసెకన్లలోపు, దానికి అయిదింతలు, అంటే 150 వస్తే 40 మిల్లీసెకన్లలోపు. ఇప్పుడు మూడో ఎలక్ట్రీషియన్ చెప్పిన 100 మిల్లీఆంపియర్ల సంగతి చూడండి. అది 50 దాకా కదలనే కదలదు. చెయ్యి అతుక్కుపోయిన మనిషిలోంచి 50 మిల్లీఆంపియర్లు ఆగకుండా పోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. 100, 300 మిల్లీఆంపియర్ల స్విచ్‌లు మంచివే, కాకపోతే అవి లీకేజీ వల్ల నిప్పు అంటుకోకుండా పెట్టేవి. వాటి కింద 30 మిల్లీఆంపియర్లవి విడిగా ఉంటేనే మనుషులకి రక్షణ. 30కి బదులుగా 100 వేస్తే ట్రిప్ అవడం తగ్గుతుంది, నిజమే. లీకేజీ మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది.

మీరు రాసిన లక్షణాలని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే నాకు తోచింది చెబుతాను. ఇది అంచనాయే, కొలిచి తేల్చుకోవాల్సింది. మీ ఇంట్లో దొంగ ఒక్కడు కాదు. అందుకే ముగ్గురు వచ్చినా దొరకలేదు. ప్రతి వస్తువునీ విడిగా పెట్టి చూస్తే బాగానే ఉంటుంది, కలిస్తేనే గీత దాటుతుంది.

ఒకటి, నిత్యం ఉండే లీకేజీ. కంప్యూటరు, టీవీ, ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు, చార్జర్లు, వాషింగ్ మెషిన్, వీటన్నిటి ఫిల్టర్ల నుంచీ తలా కొంచెం ఎర్త్‌కి పోతూ ఉంటుంది. ఏదీ తప్పు కాదు. కానీ ఇల్లంతటికీ ఒకే స్విచ్ ఉన్నప్పుడు ఇవన్నీ దాని లెక్కలోనే పడతాయి. మామూలు రోజున ఈ మొత్తం స్విచ్ సామర్థ్యంలో మూడో వంతు దాటకుండా, అంటే 9, 10 మిల్లీఆంపియర్లలోపు ఉండేలా చూసుకోవాలంటారు. మీ బోర్డు పెట్టి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఇంట్లోకి కొత్తగా వచ్చినవేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట్లో రాని ఇబ్బంది ఇప్పుడు వస్తోందంటే ఇదొక కారణం కావచ్చు.

రెండోది ఫ్రిజ్ మీద నా అనుమానం. మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లలో కొన్ని గంటలకోసారి ఆ మంచు కరిగించడానికి ఒక హీటర్ దానంతట అదే వెలుగుతుంది. ఆ హీటర్ పైగొట్టానికీ లోపలి తీగకీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. గొట్టం ఎక్కడైనా చీలితే ఆ పొడి తేమని పీల్చేసుకుంటుంది, లీకేజీ మొదలవుతుంది. ఫ్రిజ్ మామూలుగా చల్లబరుస్తున్నంతసేపూ ఏ తేడా కనబడదు. పగలు ఎలక్ట్రీషియన్ వచ్చి చూసినప్పుడు అంతా బాగుంటుంది, రాత్రి హీటర్ వెలిగిన కాసేపటికి స్విచ్ పడుతుంది. పాతకాలపు టైమర్ ఉన్న ఫ్రిజ్ అయితే కరెంటు పోయినప్పుడు టైమర్ కూడా అక్కడే ఆగిపోతుంది. మీరు స్విచ్ పైకి నెట్టగానే హీటర్ మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ పడుతుంది. చెయ్యి తీసేలోపే పడుతోందన్న మీ మాటకి ఇది సరిపోతుంది. గీజర్ హీటర్లదీ ఇదే జబ్బు, కాకపోతే అది వేసినప్పుడు మనకి తెలుస్తుంది కాబట్టి త్వరగా దొరికిపోతుంది.

మూడోది వాన. ఇక్కడే అందరూ తికమకపడ్డారనిపిస్తోంది. వరండా ఎంసీబీ ఆపేసినా పడింది కాబట్టి వరండాది తప్పు కాదని తేల్చేశారు. కానీ ఇళ్ళలో ఎక్కువగా ఉండే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. వరండా లైటు పెట్టెలో నీళ్ళు చేరి న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోందనుకోండి. అప్పుడు ఇంట్లో ఎక్కడ ఏది నడుస్తున్నా, దాని కరెంటు తిరిగొచ్చేటప్పుడు కొంత న్యూట్రల్‌లో రాకుండా ఆ తడి చోటు గుండా ఎర్త్‌లోకి జారిపోతుంది. ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది, పడిపోతుంది. దీని పద్ధతే వేరు. నడిచే లోడు ఎంత ఎక్కువైతే పడే అవకాశం అంత ఎక్కువ. ఇస్త్రీపెట్టె పెట్టగానే పడిందని ఇస్త్రీపెట్టెని, గీజర్ వేయగానే పడిందని గీజర్ని అనుమానిస్తారు, అవి రెండూ శుభ్రంగా ఉంటాయి. ఎన్నో ఇళ్ళలో మంచి గీజర్లు ఇలాగే మారిపోయాయి.

కొత్త స్విచ్ వేసినా మళ్ళీ పడిందన్నారు. అంటే పాత స్విచ్ నిజమే చెబుతూ వచ్చింది. రెండు రోజులు ఊరుకోవడానికి కారణం ఆ రెండు రోజులూ వాన లేకపోవడమో ఇంకేదో అయ్యుంటుంది. ఆ కొత్త స్విచ్ ముందుభాగంలో ఒక చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని మాత్రం చూసుకోండి. అల గీత ఒక్కటే ఉంటే ఏసీ రకం. దాని కింద సగం సగం అలల గీత కూడా ఉంటే ఏ రకం. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న మెషిన్లు, ఇన్వర్టర్ కంప్రెసర్లు ఉన్న ఇళ్ళకి ఏ రకమే తగినది, ఎందుకంటే అలాంటి వాటిలో పుట్టే ఒకవైపు లీకేజీని ఏసీ రకం గుర్తించకపోవచ్చు. అనవసరంగా పడే స్విచ్ చిరాకు పెడుతుంది, పడాల్సినప్పుడు పడనిది ప్రాణం తీస్తుంది.

మామగారి గురించి. మీవారి మీద మీకు కోపం ఉందని ఉత్తరంలో తెలుస్తోంది, కానీ ఆయన భయం న్యాయమైనదే. అర్ధరాత్రి తండ్రి యంత్రం ఆగిపోతుంటే ఏ కొడుకైనా ముందు ఆగకుండా చేసే దారే వెతుకుతాడు. ఆయన చివర్న చెప్పిన ప్రతిపాదనలో సగం సరైనది కూడా. ఆ గదికి విడి లైన్ కావాలి. మిగిలిన సగం, రక్షణ లేకుండా ఇవ్వడం, తప్పు. విడి లైనుకి దాని సొంత ఆర్‌సీబీవో పెట్టించండి. ఎంసీబీ పనీ ఆర్‌సీసీబీ పనీ రెండూ ఒకే పరికరంలో చేసేది అది. అప్పుడు ఫ్రిజ్ లీకైనా, వరండా తడిసినా మామగారి యంత్రం ఆగదు. ఆ ఒక్క గదిలో తప్పు జరిగితేనే పడుతుంది, అప్పుడు పడాల్సిందే కూడా. మంచాన ఉన్న మనిషికి, చుట్టూ నీళ్ళ గ్లాసులు, తడి గుడ్డలు ఉండే గదికి రక్షణ తక్కువ కావడం ఏ లెక్కన మంచిది? ఆసుపత్రుల్లో ఆపరేషన్ గదుల్లోనూ కరెంటు మధ్యలో ఆగకూడదు. అలాగని అక్కడ రక్షణ తీసేయరు. నేలతో సంబంధం లేకుండా విడి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, మొదటి లీకేజీకి కరెంటు పోకుండా హెచ్చరిక మోగేలా వేరే ఏర్పాటు చేస్తారు. ఇంట్లో దాన్ని పెట్టుకోలేం, విడి ఆర్‌సీబీవో పెట్టుకోగలం.

అయినా ఆక్సిజన్ మీద ఉన్న మనిషి ఒక్క కరెంటునే నమ్ముకుని ఉండకూడదు. స్విచ్ పడకపోయినా వీధిలో సరఫరా పోవచ్చు. పక్కన నిండు సిలిండరు ఉండాలా, ఎంతసేపటికి సరిపోయేది, ఏ వేగంతో పెట్టాలి అన్నవి వైద్యుణ్ణి అడిగి కాగితం మీద రాయించుకోండి. సిలిండరు మార్చడం మీకే కాదు, మీవారికీ అత్తగారికీ కూడా రావాలి. రాత్రిళ్ళు పరుగెత్తే పని మీ ఒక్కరిదే ఎందుకైందో మీ ఇంట్లో ఒకసారి మాట్లాడుకోవలసిన విషయం. ఇద్దరూ వంతులు వేసుకోండి. రెండు రాత్రులు తనే లేచి స్విచ్ నెడితే, ఎప్పుడు పడుతోందో గమనించడం మీద మీవారికీ ఆసక్తి పుడుతుంది.

ఆ గమనించడం చాలా పనికొస్తుంది. బోర్డు పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. పడిన టైము, వాన ఉందా, అప్పుడు ఇంట్లో ఏవేవి నడుస్తున్నాయి, నెట్టగానే నిలబడిందా లేదా, ఇవి రాస్తే చాలు. వాన లేని రాత్రుల్లో పడిన టైముల మధ్య దూరం దాదాపు ఒకేలా కనిపిస్తే ఫ్రిజ్ వైపు వేలు చూపిస్తున్నట్టు.

మీ అంతట మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బోర్డు మూత తీయనవసరం లేనివే చెబుతున్నాను, మూత మాత్రం మీరు తీయకండి. పగటిపూట, మామగారికి ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉన్నప్పుడు చేయండి. ముందు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, పీకాలి. సాకెట్ స్విచ్ చాలాచోట్ల ఒక్క తీగనే తెంచుతుంది, న్యూట్రల్, ఎర్త్ కలిసే ఉంటాయి. అన్నీ పీకాక ఆర్‌సీసీబీ నిలబడిందంటే తప్పు వస్తువుల్లో ఉంది. వాషింగ్ మెషిన్ తప్ప మిగతావి ఒక్కొక్కటే పెట్టి, నడిపించి, కాసేపు ఆగి చూడండి. ఏదో ఒకటి పెట్టగానే పడితే, దాన్ని పక్కన పెట్టి మిగతావి కూడా పెట్టి చూడండి. అది లేకుండా మిగిలినవన్నీ నడిచాయా? సరే. ఇప్పుడు దాన్ని ఒంటరిగా పెట్టండి. ఒంటరిగానూ పడితే అదే దొంగ. ఒంటరిగా నిలబడి, అందరితో కలిస్తేనే పడితే, అది ఆఖరి చుక్క మాత్రమే. ఫ్రిజ్ విషయంలో ఈ పరీక్ష నమ్మకం కాదు, హీటర్ వెలిగే సమయం కలిసిరావాలి కాబట్టి.

అన్నీ పీకినా పడుతుంటే తప్పు వైరింగ్‌లోనో, పీకడానికి వీల్లేని లైట్లు, ఫ్యాన్లు, గీజర్ల లాంటి వాటిలోనో ఉంది. ఎంసీబీలన్నీ ఆపి ఒక్కొక్కటే వేస్తూ చూడొచ్చు, కానీ ఇందాక చెప్పిన న్యూట్రల్ సంగతి గుర్తుంచుకోండి. ఎంసీబీలన్నీ ఆపినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే దాదాపుగా న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కి తగులుతున్నట్టే. ఇక్కడితో మీ పని ఆపి ఎలక్ట్రీషియన్‌కి అప్పజెప్పండి. ఆయన స్విచ్ కింద లోడు తీగలు విప్పి చూసి, అప్పటికీ పడుతుంటేనే స్విచ్‌ని తప్పుపట్టాలి.

ఈ రాత్రికే పనికొచ్చేది ఒకటి ఉంది. పడుకునేముందు మామగారి యంత్రం, ఫ్రిజ్ తప్ప టీవీ, కంప్యూటరు, చార్జర్లు, అక్కర్లేని ప్రతిదీ ప్లగ్ పీకేయండి. నిత్యపు లీకేజీ తగ్గుతుంది. దాంతో రాత్రుళ్ళు ప్రశాంతంగా గడిస్తే మీకు నిద్రా దక్కుతుంది, అన్నీ కలిసి గీత దాటుతున్నాయన్న అనుమానానికి ఆధారమూ దొరుకుతుంది. స్విచ్ పడితే ఒకసారి నెట్టండి. వెంటనే పడితే మళ్ళీ మళ్ళీ నెట్టవద్దు, ఫ్రిజ్ పీకి మరోసారి చూడండి. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. లీవర్ని పైకి కట్టేయడం, అట్టముక్క దూర్చడం లాంటివి ఎవరైనా చెబితే వినకండి. లీవర్ పట్టుకున్నా లోపల వదిలేసేలాగే వాటిని తయారుచేస్తారు.

స్విచ్ మీదుండే టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది కాబట్టి అంతా బాగుందని అనుకోకండి. ఆ బటన్ స్విచ్ లోపలే ఒక రెసిస్టర్ ద్వారా కృత్రిమంగా తేడా పుట్టిస్తుంది. పడితే స్విచ్ యంత్రాంగం కదులుతోందని అర్థం, అంతవరకే. ఇంటి ఎర్త్ ఉందా లేదా అన్నది అది చెప్పదు. మీ వాషింగ్ మెషిన్ దగ్గర ఎర్త్ లేకపోయినా బటన్ నొక్కితే స్విచ్ పడుతూనే ఉంటుంది. అలాగని నొక్కడం మానకండి. ఎన్నాళ్ళూ కదపకపోతే లోపలి భాగాలు బిగుసుకుపోవచ్చు. ఎన్ని నెలలకోసారి నొక్కాలో స్విచ్ మీదో దాని కాగితంలోనో రాసి ఉంటుంది. నొక్కేముందు మామగారి యంత్రం సంగతి చూసుకోండి. ఎప్పుడైనా నొక్కినా పడకపోతే ఆ రోజే మార్పించాలి.

ఇప్పుడు నాలుగో ఎలక్ట్రీషియన్. పిలిచేముందే ఫోన్‌లో అడగండి: మీ దగ్గర ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఉందా, లీకేజీ కొలిచే క్లాంప్ మీటరు ఉందా, ఆర్‌సీసీబీ టెస్టరు ఉందా? టెస్టరు స్క్రూడ్రైవర్, మామూలు మల్టీమీటరు మాత్రమే ఉంటే మీ సమస్యకి చాలవు. మల్టీమీటరు చిన్న బ్యాటరీ వోల్టేజీతో కొలుస్తుంది, తడి వల్ల బలహీనపడిన ఇన్సులేషన్ దానికి బాగానే కనిపించొచ్చు. మెగ్గర్ 500 వోల్టులు పెట్టి చూస్తుంది. ఒక్కో సర్క్యూట్ ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ బోర్డు దగ్గర విప్పి, రెండూ కలిపి ఎర్త్‌కి కొలవాలి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి, మంచి వైరింగ్‌కి అంతకన్నా చాలా ఎక్కువే వస్తుంది. కొలిచేముందు వస్తువులన్నీ పీకి ఉండాలి, లేకపోతే వాటిలో ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి. క్లాంప్ మీటరుని ఫేజ్, న్యూట్రల్ రెండిటి చుట్టూ కలిపి వేస్తే తేడా, అంటే లీకేజీ, అంకెగా కనిపిస్తుంది. ఫ్రిజ్ హీటర్ వెలిగించి కొలిస్తే అనుమానం అక్కడే తీరుతుంది. టెస్టరుతో ఆర్‌సీసీబీ ఎంత కరెంటుకి, ఎంత సమయంలో పడుతోందో చూడమనండి. 15 లోపే పడుతుంటే అది బలహీనమైంది, మార్చాలి. 22 దగ్గర పడిందంటే దానికి ఏ జబ్బూ లేదు. ముందుగా మాత్రం వాషింగ్ మెషిన్ బాడీ నుంచి బోర్డులోని ఎర్త్ బార్‌దాకా తీగ తెగకుండా ఉందో లేదో కొలిపించండి.

ఈ అంకెలు చేతికొచ్చాక మీ ముందు దారులు స్పష్టమవుతాయి. ఒకటి రెండు చోట్లే చెడు ఉంటే, ఫ్రిజ్ హీటర్, వరండా లైటు పెట్టె బాగుచేయించుకుంటే అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ ఒకే స్విచ్ కింద ఇల్లంతా ఉన్నన్నాళ్ళూ ఏ మూల తప్పు జరిగినా అందరికీ చీకటే. సర్క్యూట్లని రెండు మూడు ఆర్‌సీసీబీల కింద విడదీయడమో, ముఖ్యమైన వాటికి ఆర్‌సీబీవోలు పెట్టడమో చేస్తే నిత్యపు లీకేజీ కూడా పంచుకుంటుంది. ఖర్చు పెరుగుతుంది, బోర్డులో చోటు కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ స్విచ్ కింది ఫేజ్‌లకి ఆ స్విచ్ కింది న్యూట్రల్‌లే ఉండాలి. పాత ఇళ్ళలో ఒక గది లైటుకి పక్క గది న్యూట్రల్ వాడేసి ఉంటారు. అది సరిచేయకుండా విడదీస్తే లైటు వేయగానే రెండు స్విచ్‌లూ పడతాయి, అప్పుడు మళ్ళీ ఎవరో వచ్చి తీసేయమంటారు. బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దాని న్యూట్రల్ కూడా ఎక్కడ కలిసిందో చూపించండి.

మొత్తం వైరింగ్ మార్చాలన్న రెండో ఆయన మాట తప్పని నేను అనను. సర్క్యూట్ తర్వాత సర్క్యూట్ 1 మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే అదే సరైన పని కావచ్చు. కానీ ఏ సర్క్యూట్‌కి ఎంత వచ్చిందో కాగితం మీద చూడకుండా ఒప్పుకోకండి.

తీసేసి డైరెక్ట్ ఇవ్వడం కూడా ఒక దారిగా మీ ఇంట్లో చర్చలో ఉంది కాబట్టి దాని ఫలితం కూడా చెప్పాలి. ఆ రాత్రి నుంచి అలారం మోగదు, అందరూ నిద్రపోతారు. ఫ్రిజ్ లీకేజీ, వరండా తడి, వాషింగ్ మెషిన్ ఎర్త్ మూడూ అలాగే ఉంటాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి మెషిన్ మూత తీసేది మీరో, పాపో. మీవారితో మాట్లాడేటప్పుడు స్విచ్ ఉండాలా వద్దా అని వాదించకండి. నాన్నగారి గదికి విడి లైన్ వేయిద్దాం, దాని ఆర్‌సీబీవో దానికే పెట్టిద్దాం, వాషింగ్ మెషిన్ ఎర్త్ చూపిద్దాం అని మొదలుపెట్టండి. ఆయన అడిగింది ఆయనకి దొరుకుతుంది, మీరు వద్దన్నది జరగదు.

ఆర్‌సీసీబీకి ఒక హద్దు కూడా ఉంది, అది మీరిద్దరూ తెలుసుకోవాలి. ఒక చేత్తో ఫేజ్‌ని, ఇంకో చేత్తో న్యూట్రల్‌ని పట్టుకుంటే మనిషి కూడా దానికి ఒక బల్బులాగే కనిపిస్తాడు. వెళ్ళిందంతా తిరిగొస్తుంది కాబట్టి అది పడదు. స్విచ్ ఉంది కదా అని విప్పిన సాకెట్లో చెయ్యి పెట్టకూడదు.

నోటు పుస్తకంలో వారం రోజుల వివరాలు, మెగ్గర్ అంకెలు సర్క్యూట్ వారీగా వచ్చాక మళ్ళీ రాయండి. వాషింగ్ మెషిన్ దగ్గర ఎర్త్ ఎక్కడ తెగిందో కూడా అందులో తెలియజేయండి.